దుబాసీ వీరాస్వామయ్య

మా బాబాయి హైదరాబాద్‌లో ఒక హోటల్ రిసెప్షన్‌లో పద్నాలుగేళ్లుగా పనిచేస్తున్నాడు. పోయినేడు వాళ్ల మేనేజ్‌మెంట్ స్టాఫ్ అందరికీ ఇంగ్లీషు టెస్ట్ పెట్టింది. ఖాళీలు పూరించండి, యాక్టివ్ వాయిస్‌ని పాసివ్ వాయిస్‌లోకి మార్చండి, ఇట్లాంటివి. బాబాయికి యాభైకి పద్దెనిమిది మార్కులొచ్చాయి. అర్ధరాత్రి రెండింటికి బుకింగ్ కనపడట్లేదని గొడవపడే గెస్ట్‌ని కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, విషయం విడమరిచి చెప్పి, నవ్విస్తూ రూముకి పంపేది మాత్రం ఆయనే. ఆ సంగతి ఆ పేపర్లో ఏ ప్రశ్నలోనూ లేదు. ప్రమోషన్ ఆగిపోయింది. ఆదివారం ఇంటికొచ్చి, నువ్వు ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియమే కదరా, నాకు గ్రామర్ చెప్పు అన్నాడు.

రెండు ఆదివారాలు చెప్పాను. మూడో ఆదివారం నాకే డౌటొచ్చింది. అసలు ఆయన చేసే పనికి ఎంత ఇంగ్లీషు కావాలి? ఏ రకం ఇంగ్లీషు కావాలి? ఎవరైనా ముందు అది చూశారా?

సరిగ్గా ఆ రోజుల్లోనే మన క్లబ్ పఠన జాబితాలో ఉన్న కాశీయాత్ర చరిత్ర మొదలుపెట్టాను. తెలుగు పుస్తకం చదవాలంటే నాకింకా టైం పడుతుంది, నిజం చెప్పాలంటే గీత కింద వేలు పెట్టుకునే చదువుతాను. పుస్తకం యాత్ర గురించే, కానీ నాకు పట్టుకున్నది మాత్రం ఆ రాసినాయన ఉద్యోగం. ఏనుగుల వీరాస్వామయ్య ఇంటర్‌ప్రెటర్. ఇంగ్లీషు మాతృభాష కాని మనిషి, ఇంగ్లీషుతోనే అన్నం తిన్న మనిషి. మా బాబాయి కంటే రెండు వందల ఏళ్ల ముందు అదే కౌంటర్ వెనక నిలబడ్డాయన అన్నమాట. అందుకే ఈ సంచికకి ఆయన జీవితం రాస్తున్నాను.

మద్రాసు కుర్రాడు

వీరాస్వామయ్య 1780 ప్రాంతంలో మద్రాసులో ఒక తెలుగు బ్రాహ్మణ కుటుంబంలో పుట్టారు. అప్పటి మద్రాసుని ఇప్పటి చెన్నైలా ఊహించుకోకూడదు. సముద్రం ఒడ్డున సెయింట్ జార్జి కోట, కోటలో కంపెనీ దొరలు, కోట బయట తమిళులు, తెలుగువాళ్లు, అర్మేనియన్ వర్తకులు, హిందుస్తానీ మాట్లాడే ముస్లిములు, మరాఠీ మాట్లాడే ఉద్యోగస్తులు. ఒక్క బజారులో నాలుగైదు భాషలు వినపడే ఊరు. దొరలకి ఈ భాషలు రావు, ఊరికి దొరల భాష రాదు. మధ్యలో ఒక మనిషి కావాలి. ఆ మనిషే దుబాసీ.

ద్విభాషి అనే మాటే జనం నోట్లో నలిగి దుబాసీ అయింది. రెండు భాషలవాడు అని అర్థం. కానీ మద్రాసులో దుబాసీ అంటే అర్థం అంతటితో ఆగలేదు. దొరకి ఇల్లు చూసిపెట్టేవాడు, అప్పు ఇప్పించేవాడు, బేరం కుదిర్చేవాడు, రహస్యాలు తెలిసినవాడు, అన్నీ ఆయనే. కొందరు దుబాసీలు బాగా సంపాదించారు. పచ్చయప్ప మొదలియార్ పేరు మీద చెన్నైలో ఇవాళ్టికీ కాలేజీ ఉంది కదా, ఆయన కూడా దుబాసీయే. అందుకే ఆ ఊళ్లో ఇంగ్లీషు వస్తే బతుకు ఒడ్డున పడుతుంది అనే నమ్మకం అప్పటికే ఉంది. మన ఇళ్లలో ఇప్పుడు వినపడే మాటే. కొత్తదేం కాదు.

వీరాస్వామయ్యకి తొమ్మిదో ఏట తండ్రి పోయాడు. ఇంటి పెద్ద దిక్కు పోయిన పిల్లాడికి చదువంటే సరదా కాదు, తిండి. పన్నెండేళ్లు వచ్చేసరికి ఆయన ఇంగ్లీషు చదవగలిగే, మాట్లాడగలిగే స్థితిలో ఉన్నారు. అది 1792 ప్రాంతం. మన సోషల్ పాఠంలో ఇంగ్లీషు చదువుకి మూలపురుషుడిగా చెప్పే మెకాలే అప్పటికింకా పుట్టనే లేదు. ఆయన పుట్టింది 1800లో, ఇంగ్లీషు చదువు గురించి ఆ ప్రసిద్ధమైన కాగితం రాసింది 1835లో. అంటే ప్రభుత్వం ఇంగ్లీషు నేర్పాలా వద్దా అని తేల్చుకోకముందే, నలభై ఏళ్ల ముందే, మద్రాసులో ఒక తండ్రి లేని పిల్లాడు తనకి ఏం కావాలో తేల్చేసుకున్నాడు.

జీతం లేని ఇంటర్న్‌షిప్

పన్నెండో ఏట ఆయన కంపెనీ వారి బోర్డ్ ఆఫ్ ట్రేడ్‌లో వాలంటీరుగా చేరారు. వాలంటీరు అంటే జీతం లేకుండా ఆఫీసులో కూర్చుని పని నేర్చుకుంటూ, ఖాళీ వస్తే తీసుకుంటారేమో అని ఎదురుచూసే మనిషి. మనం ఇప్పుడు రెజ్యూమే నింపుకోవడానికి చేసే అన్‌పెయిడ్ ఇంటర్న్‌షిప్‌కి ముత్తాత అనుకోండి. కాకపోతే మనకి హాస్టల్లో అన్నం దొరుకుతుంది.

బోర్డ్ ఆఫ్ ట్రేడ్ పని కంపెనీ వ్యాపారం చూడటం. ఆ రోజుల్లో మద్రాసు వైపు నుంచి కంపెనీ కొనే ముఖ్యమైన సరుకు నేత బట్ట. అందులో ఎక్కువ భాగం మన కోస్తా నేతగాళ్లు నేసిందే. ఇంజరం, మాధవాయపాలెం, విశాఖపట్నం లాంటి చోట్ల కంపెనీకి ఫ్యాక్టరీలుండేవి. ఫ్యాక్టరీ అంటే యంత్రాలు కాదు, కొనుగోలు చేసి నిలవ చేసే కొట్లు. నరసాపురం దగ్గరి మాధవాయపాలెం పేరు దొరల నోట్లో మడపోలం అయి, చివరికి అది ఒక రకం బట్టకే పేరైపోయింది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. ఆ బట్ట నాణ్యాన్ని లెక్కించే మాట పుంజం. 120 పడుగు దారాలు ఒక పుంజం. పద్నాలుగు పుంజాల బట్ట అంటే ఎంత ఒత్తైనదో కొనేవాడికి తెలిసిపోతుంది. కంపెనీ ఇంగ్లీషు ఉత్తరాల్లో కూడా అదే మాట. అంటే ఆ ఆఫీసులో పనిచేయడానికి కావలసిన ఇంగ్లీషులో సగం ముఖ్యమైన మాటలు తెలుగే! వాటిని ఏ ఇంగ్లీషు పంతులూ నేర్పలేడు. మగ్గం పక్కన తిరిగినవాడికే తెలుస్తాయి. ఒక పని చేయడానికి ఏ భాష కావాలో ఆ పని దగ్గరికి వెళ్తేగానీ తెలియదు అనడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు కనపడలేదు.

తిరునెల్వేలి

పదమూడేళ్లు నిండకముందే ఆయనకి తిరునెల్వేలి కలెక్టరు కచేరీలో ఇంటర్‌ప్రెటర్ పని దొరికింది. మద్రాసుకి బాగా దక్షిణాన ఉన్న ఊరు. పదమూడేళ్లకి మనం ఏం చేస్తున్నాం? నేనైతే ఎనిమిదో తరగతి, హిందీలో ఫెయిలవుతానేమో అని భయం. ఆయన మాత్రం కలెక్టరు పక్కన నిలబడి రైతు చెప్పింది దొరకి, దొర చెప్పింది రైతుకి చెప్పాలి.

కావలసిన భాష మళ్లీ మారిపోయింది. బట్టల ఆఫీసులో పుంజాలు, బేళ్లు. ఇక్కడ శిస్తు, కిస్తు, జమాబందీ, పట్టా, పేష్కషు. ఈ మాటల్లో కొన్ని ఫారసీ నుంచి వచ్చినవి, కొన్ని దేశభాషల మాటలు. ఇంగ్లీషులో వీటికి సరైన మాట లేదు, కాబట్టి దొరలు కూడా వాటినే వాడేవాళ్లు. ఇంటర్‌ప్రెటర్‌కి తెలియాల్సింది మాటకి మాట కాదు. ఈ డబ్బు ఎవరు ఎవరికి, ఎందుకు, ఎప్పుడు కట్టాలి అన్న వ్యవహారం మొత్తం తెలియాలి.

పైగా అది మామూలు జిల్లా కాదు. పాలెగాళ్ల సీమ. నవాబుకి కట్టే పేష్కషు ఇప్పుడు కంపెనీకి కట్టమంటే ఎందుకు కట్టాలి అని అడిగే పాలెగాళ్లున్న చోటు. ఆ తర్వాత కొన్నేళ్లకే, 1799లో, తెలుగు మూలాలున్న పాంచాలంకురిచ్చి పాలెగాడు కట్టబొమ్మన్‌ని కంపెనీ ఉరితీసింది. అట్లాంటి చోట ఒక ఉత్తరంలో మర్యాద ఒక మెట్టు తగ్గినా, ఒక హెచ్చరిక ఒక మెట్టు పెరిగినా ఏమవుతుందో ఆలోచించండి. భాష తప్పుకి అక్కడ పెనాల్టీ మార్కుల్లో ఉండదు.

తర్వాత ఆయన మద్రాసు తిరిగొచ్చారు. కొన్నాళ్లు వర్తక కంపెనీల్లో లెక్కలు చూశారు. మూడో రకం ఆఫీసు, మూడో రకం ఇంగ్లీషు. జమ, ఖర్చు, వడ్డీ, బాకీ. మాటలు తక్కువ, అంకెలు ఎక్కువ. ఇంటర్‌ప్రెటర్‌గా పేరు తెచ్చుకున్న మనిషి మధ్యలో లెక్కలు రాయడం మనకి వెనకడుగులా అనిపించవచ్చు. కానీ రేపు కోర్టులో ఒక వర్తకుడి దస్తావేజు చేతికొచ్చినప్పుడు పనికొచ్చేది ఆ లెక్కలే.

సుప్రీం కోర్టు

మద్రాసులో 1801లో సుప్రీం కోర్టు మొదలైంది. ఇప్పటి ఢిల్లీ సుప్రీం కోర్టు కాదు, కంపెనీ కాలంలో బ్రిటిష్ రాజు పేరు మీద మద్రాసు పట్నానికి ఏర్పాటు చేసిన కోర్టు. జడ్జీలు ఇంగ్లండు నుంచి వచ్చేవారు. వాదనలు, తీర్పులు ఇంగ్లీషులో. కానీ వాది, ప్రతివాది, సాక్షులు చాలామంది తెలుగువాళ్లు, తమిళులు. పైగా హిందువుల వారసత్వం తగాదాలు హిందూ ధర్మశాస్త్రం ప్రకారమే తేల్చాలి. అంటే ఇంగ్లీషు తప్ప రాని జడ్జి, సంస్కృతంలో ఉన్న శాస్త్రం ప్రకారం, తెలుగులోనో తమిళంలోనో చెప్పిన సాక్ష్యం విని, ఇంగ్లీషులో తీర్పు చెప్పాలి. ఈ గొలుసు తెగకుండా పట్టుకునేది ఇంటర్‌ప్రెటర్. వీరాస్వామయ్య ఆ కోర్టులో హెడ్ ఇంటర్‌ప్రెటర్ స్థాయికి చేరారు. తెలుగు, తమిళం, ఇంగ్లీషు వచ్చు, సంస్కృతం, శాస్త్రాల పరిచయం ఉంది.

ఆ పనిలో కష్టం ఎక్కడుందో నాకు అర్థమవడానికి మా ఇంటి నుంచే ఉదాహరణ తీసుకుంటాను. బాబాయి అన్నా, మామయ్య అన్నా ఇంగ్లీషులో అంకులే. కోడింగ్ భాషలో చెప్పాలంటే టైప్ మార్చేటప్పుడు డేటా పోయినట్టు. ఇంట్లో అయితే పోతే పోయింది. కోర్టులో పోకూడదు. ఉమ్మడి ఆస్తిలో బాబాయికి, పెదనాన్నకి భాగం ఉంటుంది. మామయ్యకి ఉండదు. సాక్షి బాబాయి అన్న మాటని ఊరికే అంకుల్ అని చెప్తే ఒక కుటుంబం ఇల్లు ఎటు పోతుందో! అన్నయ్య కూడా అంతే. మనం పెదనాన్న కొడుకునీ అన్నయ్యే అంటాం. దాన్ని బ్రదర్ అని చెప్పి వదిలేస్తే ఒక తండ్రికి లేని కొడుకుని పుట్టించినట్టే.

ఇంకొకటి. మేము, మనం. రెండూ ఇంగ్లీషులో ఉయ్యే. మేం అక్కడికి వెళ్లాం అంటే వింటున్నవాడు లేడు. మనం వెళ్లాం అంటే వింటున్నవాడు కూడా ఉన్నాడు. ఒక దొంగతనం కేసులో ఇద్దరు నిందితులు మాట్లాడుకోగా విన్నానని సాక్షి చెప్తున్నాడనుకోండి. వాడు మేం అన్నాడా, మనం అన్నాడా అన్నదాని మీద రెండోవాడి మెడ ఆధారపడి ఉంది. జడ్జికి ఈ తేడా ఉందనే తెలియదు. అడగడు కూడా. ఇంటర్‌ప్రెటరే తనంతట తాను విడమరిచి చెప్పాలి.

చూడండి, ఇక్కడ ఆయనకి కావలసింది దొరలాగా ఇంగ్లీషు మాట్లాడటం కాదు. ఇంగ్లీషులో ఏది లేదో తెలియడం. ఆ లోటు దగ్గర ఆగి, ఒక మాట చోట ఒక వాక్యం చెప్పడం. యాక్సెంట్‌కి దీంతో ఏ సంబంధమూ లేదు.

ఎవరికి ఎవరు నేర్పారు

ఇదే కాలంలో రెండో వైపు ఏం జరుగుతోందో కూడా చెప్పాలి. ఇంగ్లండు నుంచి వచ్చే కంపెనీ కుర్రాళ్లకి దేశభాషలు నేర్పడానికి 1812లో మద్రాసులో సెయింట్ జార్జి కోట కాలేజీ పెట్టారు. మన సి.పి. బ్రౌన్ 1817లో మద్రాసు వచ్చి తెలుగు నేర్చుకున్నది అక్కడే. 1820లో పరీక్ష పాసయ్యాక కడపకి ఉద్యోగానికి వెళ్లారు. అంటే దొరగారికి తెలుగు అవసరమని కంపెనీ గుర్తించింది, పంతుళ్లని పెట్టింది, పుస్తకాలు అచ్చేసింది, పరీక్ష పెట్టింది. ఖర్చు కంపెనీది. 1790ల్లో వీరాస్వామయ్య ఇంగ్లీషు నేర్చుకున్నప్పుడు ఆ ఖర్చు, కష్టం రెండూ ఆయనవే. ఇద్దరూ పరాయి భాషలో ఉద్యోగం చేసినవాళ్లే. ఒకరి అవసరాన్ని ఆఫీసు చూసుకుంది, ఇంకొకరి అవసరాన్ని ఆ మనిషే చూసుకోవాల్సి వచ్చింది. బ్రౌన్ మనకి చేసిన మేలు తక్కువని కాదు ఈ మాట, లెక్క సమంగా లేదని.

వీరాస్వామయ్య ఒక్కరే కాదు. ఆయన ఈడువాళ్లలో కావలి వెంకట బొర్రయ్య ఉన్నారు. 1776లో పుట్టి 1803లోనే పోయారు. కాలిన్ మెకెంజీ శాసనాలు, కైఫీయతులు సేకరించాడంటే దానికి చెవి, నోరు బొర్రయ్యే. తర్వాత ఆ పని ఆయన తమ్ముడు లక్ష్మయ్య అందుకున్నారు.

ఇంకొకరు వెన్నెలకంటి సుబ్బారావు. 1784లో పుట్టారు, 1839లో పోయారు. మద్రాసు సదర్ కోర్టులో 1815 నుంచి 1829 వరకు అనువాదకుడు. తన జీవితకథని ఇంగ్లీషులో రాసుకున్నారు, అది ఆయన పోయాక 1873లో అచ్చయింది. ఈయన గురించి ఇక్కడ చెప్పడానికి కారణం ఉంది. 1820లో మద్రాసులో స్కూల్ బుక్ సొసైటీ ఏర్పడినప్పుడు సుబ్బారావు అందులో ఉండి, మనవాళ్లు చదువుకునే తీరు మీద ఒక రిపోర్టు రాసిచ్చారు. పిల్లలు ఇంగ్లీషు పుస్తకం గడగడా చదివేస్తున్నారు, కానీ వ్యాకరణం తెలియదు, అర్థం తెలియదు, ఇట్లాంటి చదువుతో పని జరగదు అన్నది ఆయన బాధ.

ఇది చదివినప్పుడు నాకు కాస్త ఇబ్బందైంది. ఎందుకంటే నేను అప్పటికే గ్రామర్ అనవసరం అని తీర్మానం చేసేసుకుని, దానికి వీరాస్వామయ్యని సాక్షిగా నిలబెడదామనుకున్నాను. అదే పనిలో పండిపోయిన సుబ్బారావేమో గ్రామర్ లేకపోతే కుదరదంటున్నారు. ఆలోచిస్తే ఆయన మాటా నిజమే. అర్జీ అనువాదం చేసేవాడికి ఎవడు కొట్టాడో ఎవడు దెబ్బలు తిన్నాడో తారుమారైతే ఎట్లా? ఆయన పనికి వ్యాకరణం ప్రాణం. కాబట్టి అసలు ప్రశ్న గ్రామర్ కావాలా వద్దా అన్నది కాదు. ఏ పనికి, ఎక్కడ, ఏది తప్పితే ఎవరికి నష్టం అన్నది.

కాశీకి

1830 మే 18న వీరాస్వామయ్య కాశీకి బయల్దేరారు. అప్పటికి ఆయనకి యాభై ఏళ్లు. మన దేశంలో మొదటి ప్రయాణికుల రైలు నడవడానికి ఇంకా ఇరవై మూడేళ్లుంది. దాదాపు వందమంది పరివారం, పల్లకీలు, బోయీలు, గుడారాలు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాద్, నాగపూర్, జబల్పూర్ మీదుగా ప్రయాగ, అక్కణ్నుంచి కాశీ, గయ, కలకత్తా. తిరిగి వచ్చేటప్పుడు జగన్నాథం మీదుగా మన తీరం వెంట. మద్రాసు చేరింది 1831 సెప్టెంబరు 3న. పదిహేను నెలలు దాటింది.

దారి పొడవునా ఆయన తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్లకి ఉత్తరాలు రాస్తూ వెళ్లారు. మజిలీ మజిలీకి ఎన్ని ఆమడలు, నీళ్లున్నాయా, నీడ ఉందా, బియ్యం దొరుకుతాయా, దారి ఎట్లా ఉంది, ఏ ఊరు ఎవరి పాలనలో ఉంది, గుడిలో ఏం పద్ధతి, బజారులో ఏం దొరుకుతుంది. గూగుల్ మ్యాప్స్‌లో రివ్యూలు రాసేవాళ్లందరికీ ఆయనే పెద్దాయన అనిపించింది నాకు. తర్వాత వచ్చే యాత్రికుడికి ఏం కావాలి అని ఆలోచించి రాసిన మనిషి. కోర్టులో జడ్జికి ఏం కావాలి అని ముప్పూటలా ఆలోచించిన అలవాటే ఇది అని నా అనుమానం. ఎదుటివాడి అవసరం ముందు, తన మాట తర్వాత.

ఆ ఉత్తరాలు ఆయన ఏ భాషలో రాశారు? ఇంగ్లీషు వచ్చు. ఇంగ్లీషులో రాస్తే దొరలు చదివి మెచ్చుకునేవాళ్లు. కావలి సోదరుల్లో ఒకరైన రామస్వామి 1829లో కలకత్తాలో దక్కను కవుల చరిత్రని ఇంగ్లీషులోనే అచ్చువేశారు కూడా. వీరాస్వామయ్య తెలుగులో రాశారు. అదీ పండితులు మెచ్చే గ్రాంథికం కాదు, అప్పటి మద్రాసు తెలుగువాళ్లు మాట్లాడుకునే తెలుగు. హిందుస్తానీ మాటలు, తమిళం మాటలు, కచేరీ మాటలు అన్నీ కలిసిపోయిన తెలుగు. స్వచ్ఛంగా లేదని ఎవరైనా అంటే అనొచ్చు. కానీ ఆ కలగలుపు ఆయన బతుకు. పుంజం ఇంగ్లీషులోకి వెళ్లినట్టే కచేరీ మాటలు తెలుగులోకి వచ్చాయి. మనం లాగిన్ అయ్యాను, సబ్మిట్ చేశాను అన్నట్టే.

ఇంగ్లీషు ఆయనకి పని భాష. అందులో ఎంత కావాలో అంత, ఎంత లోతుగా కావాలో అంత లోతుగా నేర్చుకున్నారు. మనసులో మాట స్నేహితుడికి చెప్పుకోవడానికి మాత్రం ఇంటి భాష దగ్గరికే వచ్చారు. ఆ ఇంగ్లీషు రాత ఏ కోర్టు బీరువాల్లో చెదలుపట్టిందో గానీ, ఆ తెలుగు ఉత్తరాలు మనం ఇవాళ మొబైల్లో చదువుతున్నాం.

వీరాస్వామయ్య 1836లో కన్నుమూశారు. రెండేళ్ల తర్వాత, 1838లో, శ్రీనివాసపిళ్ల ఆ ఉత్తరాలని పుస్తకంగా అచ్చువేయించారు. తెలుగులో అచ్చయిన మొదటి యాత్రా గ్రంథంగా దాన్ని చెప్పుకుంటాం. 1941లో దిగవల్లి వేంకట శివరావు గారు వివరాలు చేర్చి మళ్లీ ప్రచురించాక ఈ తరం దాకా వచ్చింది.

మళ్లీ బాబాయి దగ్గరికి

నాలుగు ఉద్యోగాలు, నాలుగు రకాల ఇంగ్లీషు. బట్టల ఆఫీసులో కొలతల మాటలు. కచేరీలో వ్యవహారం, మర్యాద. వర్తకుల దగ్గర అంకెలు. కోర్టులో రెండు భాషల మధ్య ఉన్న గుంటలు. వీరాస్వామయ్యకి ఒకే పేపరు పెట్టి యాభైకి ఇన్ని అని మార్కులేస్తే ఈ నాలుగింటిలో ఏది తెలిసేది? ఏదీ తెలియదు.

అందుకని పోయిన నెల నేను గ్రామర్ పుస్తకం పక్కన పెట్టి, బాబాయిని ఒక పని అడిగాను. వారం రోజులు డ్యూటీలో ఇంగ్లీషు ఎక్కడ వాడాడో, ఎక్కడ ఆగిపోయాడో పాకెట్ నోట్‌బుక్‌లో రాసుకోమన్నాను. తెలుగులోనే. ఆదివారం తెచ్చాడు. చెకిన్, వైఫై, బ్రేక్‌ఫాస్ట్ టైం, వీటిలో ఒక్క ఇబ్బందీ లేదు. ఫోన్లో మాట్లాడితే కష్టం, ఎదురుగా అయితే కాదు. రాత్రి షిఫ్ట్ రిపోర్టు ఈమెయిల్ రాయాలంటే భయం, అందుకే ఎప్పుడూ జూనియర్ చేత రాయిస్తాడు. అన్నిటికంటే కష్టమైనది, గెస్ట్ కార్డు మెషీన్లో పనిచేయకపోతే ఆ సంగతి ఆయన మనసు నొచ్చుకోకుండా చెప్పడం.

ఆ చివరిది విన్నాక నాకు నవ్వొచ్చింది. మీ కార్డులో డబ్బుల్లేవు అనకుండా, మీరు తప్పు చేశారు అనకుండా, ఎవరినీ అనకుండా జరిగింది మాత్రం చెప్పాలి. దానికి ఇంగ్లీషులో ఉన్న సులువైన దారి పాసివ్ వాయిసే! రెండు ఆదివారాలు నేను ఎలుకని పిల్లి చంపింది, పిల్లి చేత ఎలుక చంపబడింది అని చెప్తూ కూర్చున్నది అదే. ఆయనకి అది ఎక్కలేదంటే తప్పు ఆయనది కాదు. ఆయన కౌంటర్ మీద పిల్లీ లేదు, ఎలుకా లేదు. కార్డుతో మొదలుపెడితే పది నిమిషాల్లో పట్టేశాడు. తర్వాత రూము ఇంకా శుభ్రం కాలేదు, సామాను పైకి పంపించాం, ఇవన్నీ తనే మార్చి చెప్పాడు. సుబ్బారావు గారు గెలిచారు, వీరాస్వామయ్య గారు గెలిచారు, ఓడింది నేను.

ఈమెయిల్ ఇంకా రాలేదు. ఫోన్ ఇంకా కష్టమే. వచ్చే ఏడు మళ్లీ టెస్ట్ ఉంటుందట, అదే పేపరు. ఆ నోట్‌బుక్ తీసుకెళ్లి మేనేజరుకి చూపించమన్నాను. చూద్దాంలేరా అన్నాడు. చూపిస్తాడో లేదో నాకు తెలియదు.

మనం ఇంకో రెండేళ్లలో కమ్యూనికేషన్ రౌండ్‌లో కూర్చుంటాం. ఆ తర్వాత పదేళ్లకి మనలో కొందరం అట్లాంటి టెస్టులు పెట్టే కుర్చీలో కూడా కూర్చుంటాం. అప్పుడు పేపరు తయారుచేసే ముందు ఒక వారం కౌంటర్ పక్కన నిలబడి వినండి. కాశీయాత్ర చరిత్ర ఇంకా మొదలుపెట్టనివాళ్లు, గీత కింద వేలు పెట్టుకుని అయినా సరే, మొదలుపెట్టండి.